వ్రాతపని – కూర్పుపని

శాస్త్ర వ్యాసములో విషయము వేరు, దాని కూర్పు వేరు అందురు. కాని 10⁵ లోని 5 క్రిందికి జారినచో లక్ష కాస్త నూటయైదగును. ఇట్టిచోట కూర్పే విషయము. శీర్షిక ఎంత లావుగా నుండవలెనన్నది అట్టిది కాదు.

ఈ రెండు పనుల నడుమ చిక్కుకొన్నవారిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు డొనాల్డ్ కనూత్ ఒకరు. కంప్యూటరు ప్రోగ్రాముల రచనపై ఆయన వ్రాసిన సంపుటములు మొదట సీసపు టైపుతో అందముగా అచ్చయినవి. 1977 లో రెండవ సంపుటపు ద్వితీయ ముద్రణకై ఫోటో పద్ధతిలో కూర్చిన ప్రూఫులు చూచి ఆయన నొచ్చుకొని, పుటలను కూర్చు 'టెక్' అను ప్రోగ్రామును తామే నిర్మింపబూనిరి. ఏడాదిలో ముగియుననుకొన్న పనికి పదేండ్లకు పైగా పట్టినది. మూడవ సంపుటము 1973 లో రాగా, నాలుగవదాని మొదటి భాగము 2011 లో గాని గ్రంథముగా వెలువడలేదు. జాప్యమునకు కారణమిదొక్కటే కాదనుకొనుడు.

ఆయన వెచ్చించిన కాలము ఇతరులకు మిగిలినది. 1980 దశకములో లెస్లీ లాంపోర్ట్ టెక్ ఆధారముగా 'లాటెక్' నిర్మించిరి. ఇందులో రచయిత "ఇది శీర్షిక", "ఇది సమీకరణము" అని గుర్తుపెట్టిన చాలును. అక్షరముల పరిమాణము, వరుస సంఖ్యలు యంత్రమే చూచుకొనును. నడుమ క్రొత్త సమీకరణము చేర్చినచో తరువాతి సంఖ్యలన్నియు వాటంతట అవే మారును. చేతితో దిద్దినపుడు ఏదో యొకటి పాతదే మిగిలిపోవుట మనమెరిగినదే.

మామూలు వర్డ్ ప్రాసెసరులోను 'హెడింగు' శైలులతో ఈ సదుపాయము కొంత లభించును. కాబట్టి పాఠము వ్రాయునపుడు శీర్షికల సోకు చివరకు వదలవచ్చును. పై అంకెలు, క్రింది అంకెలు మాత్రము అప్పటికప్పుడే సరిచూడవలెను.