వాలు సీలింగ్ బెడ్‌రూమ్‌కి కలర్ వేయిస్తున్నారా? ఫోన్ స్క్రీన్‌ని నమ్మే ముందు ఇవి చెక్ చేయండి

ఫోన్‌లో షేడ్ చూశాం, స్క్రీన్‌షాట్ తీశాం, పెయింటర్‌కి వాట్సాప్ చేశాం. పనైపోయింది అనుకున్నాం. రెండు కోట్లు ఆరాక చూస్తే, లేత గ్రే గోడల మీద గ్రేలాగే ఉంది కానీ మంచం పైనున్న వాలు సీలింగ్ మీద మాత్రం మబ్బు పట్టినట్టు నీలంగా కనిపించింది. డబ్బా ఒకటే, షేడ్ కోడ్ ఒకటే. తప్పు పెయింట్‌ది కాదు, స్క్రీన్ చూసి డిసైడ్ చేసిన మాదే.

మీది పై అంతస్తులో ఏటవాలు స్లాబ్ వేసిన డూప్లెక్స్ గది కావచ్చు, అమెరికాలోనో యూకేలోనో అద్దెకు దొరికిన అటిక్ రూమ్ కావచ్చు, సమస్య మాత్రం ఇదే. ఇలాంటి గదికి కలర్ ఎంచుకునేటప్పుడు ఫోన్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దెబ్బకొడుతుందో చూద్దాం.

వాలు సీలింగ్ అంత ముఖ్యమా?

చిన్న లెక్క వేద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గది. ఒకవైపు గోడ ఎత్తు 9 అడుగులు, రెండో వైపు 4 అడుగులే. అంటే 10 అడుగుల దూరంలో సీలింగ్ 5 అడుగులు దిగుతోంది. స్కూల్లో చదువుకున్న పైథాగరస్ సూత్రం ప్రకారం వాలు పొడవు దాదాపు 11.2 అడుగులు. దాన్ని 12తో గుణిస్తే 134 చదరపు అడుగులు. నాలుగు గోడలూ కలిపి 286. అంటే రంగు పడే మొత్తం ఏరియాలో వాలు వాటా సుమారు 32 శాతం. అదే గదికి 9 అడుగుల ఎత్తులో మామూలు సీలింగ్ ఉంటే ఆ వాటా 23 శాతమే.

పైగా మామూలు సీలింగ్‌ని మనం పెద్దగా పట్టించుకోం. వాలు సీలింగ్ అలా కాదు, మంచం మీద పడుకుంటే నేరుగా కళ్ల ముందే ఉంటుంది. అందుకే ముందు వాలుకి కలర్ ఫిక్స్ చేసి, తర్వాత గోడల సంగతి చూడండి.

కొలతలకి ఫోన్‌లోని మెజర్ యాప్ చాలు. ఐఫోన్ 12 ప్రో నుంచి ప్రో మోడల్స్‌లో లైడార్ సెన్సర్ ఉంది కాబట్టి కొలత ఇంకాస్త మెరుగ్గా వస్తుంది. అయినా పెయింట్ ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి టేపుతో సరిచూసుకోండి.

ఒకే పెయింట్, రెండు రంగులు ఎందుకు?

వాలు కిందికి చూస్తూ ఉంటుంది. కిటికీ వెలుతురు గోడ మీద పడినట్టు దాని మీద నేరుగా పడదు, ఎక్కువగా నేలని తాకి పైకి వెళ్లిందే పడుతుంది. అందుకే అదే రంగు వాలు మీద ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. ఉత్తరం వైపు కిటికీ అయితే లోపలికి వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. రాత్రి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ వేస్తే గ్రే షేడ్స్ ఇంకా చల్లగా మారతాయి. మా గదిలో జరిగింది సరిగ్గా ఇదే.

ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఇది ట్రై చేయండి. లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకుని, ఫోన్ వెనుక భాగాన్ని ముందు గోడకి, తర్వాత వాలుకి ఆనించి, స్క్రీన్ గదివైపు ఉండేలా పెట్టి రీడింగ్ చూడండి. సెన్సర్‌కి మీ చెయ్యి అడ్డం రాకూడదు. అంకె కచ్చితంగా రాకపోవచ్చు, కానీ రెండింటి మధ్య తేడా తెలిస్తే చాలు.

ఫోన్ ఎక్కడ మోసం చేస్తుంది?

డిస్‌ప్లే: వివిడ్ మోడ్ రంగుల్ని అసలు కంటే గాఢంగా చూపిస్తుంది. షేడ్ చూసేటప్పుడు నేచురల్ మోడ్ పెట్టండి. ట్రూ టోన్, నైట్ షిఫ్ట్, ఐ కంఫర్ట్ లాంటివన్నీ ఆఫ్ చేయండి.

కెమెరా: ఆటో వైట్ బ్యాలెన్స్ రంగు తేడాని సరిచేయాలని చూస్తుంది. లేత పసుపు గోడని ఫ్రేమ్ నిండా తీస్తే అది తెల్లగా వచ్చే ఛాన్స్ ఉంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, ఫ్రేమ్‌లో ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి.

విజువలైజర్ యాప్‌లు: లేతా ముదురా, గోడా వాలూ ఒకే రంగా వేర్వేరా అని తేల్చుకోవడానికి బాగుంటాయి. ఫైనల్ షేడ్‌కి మాత్రం నమ్మొద్దు.

అసలు చూడాల్సిన స్పెక్: ఎల్‌ఆర్‌వీ

లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ అంటే ఒక రంగు ఎంత వెలుతుర్ని వెనక్కి పంపుతుందో చెప్పే నంబర్. నలుపు 0 దగ్గర, తెలుపు 100 దగ్గర. చాలా కంపెనీలు షేడ్ వివరాల్లో దీన్ని ఇస్తాయి. వాలు సీలింగ్‌కి 65 దాటిన షేడ్ తీసుకుంటే సేఫ్.

ఏ కాంబినేషన్ బెటర్?

చిన్న గది, చిన్న కిటికీ అయితే గోడలకీ వాలుకీ ఒకటే లేత రంగు వేయండి. రెండూ కలిసే గీత కనిపించదు కాబట్టి సీలింగ్ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, గది విశాలంగా అనిపిస్తుంది.

ముదురు రంగు కావాల్సిందే అంటే, ఎత్తుగా ఉన్న గోడ ఒక్కదానికే వేయండి. పొట్టి గోడకి ముదురు, వాలుకి తెలుపు వేస్తే గీత కొట్టొచ్చినట్టు కనిపించి ఆ గోడ ఇంకా పొట్టిగా తోస్తుంది. వాలుకే ముదురు వేస్తే నెత్తి మీదికి దిగినట్టు ఉంటుంది. గది పెద్దదై, గుహలాంటి ఫీల్ మీకు ఇష్టమైతే అది వేరే విషయం.

ఫినిష్ విషయంలో వాలుకి మ్యాట్ తీసుకోండి. మెరిసే ఫినిష్ మీద ఏటవాలుగా లైట్ పడితే లప్పం ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

ఇంకో మాట. లోపల తెల్ల రంగు వేస్తే గది చల్లబడుతుందని ఆశపడొద్దు. వేడి తగ్గాలంటే పైకప్పు బయటి వైపు ఎండని తిప్పికొట్టే కోటింగ్ ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనుక ఉన్న లాజిక్ కూడా ఇదే.

కొనే ముందు ఫైనల్ టెస్ట్

శాంపిల్ డబ్బా తెచ్చి రెండు అట్టముక్కలకి రెండేసి కోట్లు వేయండి. పూర్తిగా ఆరాక ఒకటి గోడకి, ఒకటి వాలుకి అంటించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ వేసుకుని చూడండి. బల్బులు మార్చే ప్లాన్ ఉంటే అవి ముందే మార్చేయండి. అద్దె గది అయితే వీటన్నిటికంటే ముందు ఓనర్‌ని అడగండి.

మా సంగతంటారా? గోడలు అలాగే ఉంచేసి, వాలుకి మాత్రం కాస్త క్రీమ్ కలిసిన ఆఫ్ వైట్ వేయించి, బల్బులు 3000 కెల్విన్‌కి మార్చాం. ఇప్పుడు గది బాగుంది. కాకపోతే ఒక చిన్న శాంపిల్ డబ్బాతో తేలిపోయే విషయానికి రెండుసార్లు కూలీ ఇచ్చాం. మీరు ఆ తప్పు చేయకండి.