కడియం తొడిగిన పక్షి గుడ్డు పెడుతుందా?
కర్నూలు, కడప మెట్ట ప్రాంతపు అరుదైన పక్షులపై పరిశోధన నేర్పిన జాగ్రత్తలు

1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల పాదాన, రెడ్డిపల్లె సమీపంలోని చిట్టడవిలో కలివి కోడి మళ్లీ కనిపించింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత నమ్మదగిన రీతిలో ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే పలువురు భావించారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ సాగించిన అన్వేషణకు శాస్త్ర గ్రంథాల కన్నా స్థానికులైన పిట్టల వేటగాళ్ల పరిజ్ఞానమే దారి చూపింది. రాత్రివేళ ఒక పక్షి సజీవంగా చేతికి చిక్కింది. అయితే అది బందీగా కొద్ది రోజులు మాత్రమే బతికింది.

ఆ మరణానికి ఎవరినీ తప్పుపట్టనక్కర లేదు. ఆ పక్షి ఏమి తింటుందో, మనిషి స్పర్శను ఎంతవరకు తట్టుకుంటుందో అప్పటికి తెలిసినవారు లేరు. కాని అడవి పక్షిని పట్టి గుర్తు వేసి వదిలే ప్రతి పరిశోధకుడూ వేసుకోవలసిన ప్రశ్నను ఆ సంఘటన ముందుంచింది. పక్షిని గురించి తెలుసుకోవడానికి చేసే పనే దాని బతుకును, సంతానాన్ని మార్చివేస్తే, అప్పుడు తెలిసినది దేనిని గురించి?

పక్షుల కాళ్లకు సంఖ్యలు చెక్కిన కడియాలు తొడిగే పద్ధతి కొత్తది కాదు. 1899లో డెన్మార్క్ ఉపాధ్యాయుడు మోర్టెన్సెన్ గోరువంక జాతి పక్షులకు అల్యూమినియం కడియాలు వేసి దీనికి శాస్త్రీయ రూపమిచ్చాడు. మన దేశంలో సలీం అలీ నాయకత్వాన 1960ల నుంచి బొంబాయి సొసైటీ ఈ పనిని విస్తృతంగా చేపట్టింది. వలస దారులు, ఆయుర్దాయం, మరణాల రేటు వంటి విషయాలలో మనకున్న జ్ఞానంలో చాలా భాగం ఈ చిన్న లోహపు చుట్ట ఇచ్చినదే. తరువాత దూరం నుంచి గుర్తించడానికి రంగు కడియాలు, రెక్కలకు బిళ్లలు, మెడకు పట్టీలు వచ్చాయి. ఆపైన వీపుకు కట్టే రేడియో పరికరాలు, ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు వచ్చాయి. పరికరం బరువు పక్షి బరువులో 3 శాతం మించరాదన్నది పరిశోధకులు సాధారణంగా పాటించే నియమం. బరువు హద్దులో ఉంటే చాలు, పక్షికి ఏమీ కాదన్న ధీమా చాలాకాలం నడిచింది.

ఆ ధీమాను గట్టిగా కదిలించినది దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజె దీవుల కింగ్ పెంగ్విన్ల అధ్యయనం. అక్కడ 50 పక్షులకు రెక్క మొదట లోహపు పట్టీ వేశారు. మరో 50 పక్షులకు పట్టీ లేదు. అయితే రెండు గుంపుల పక్షులకూ చర్మం కింద చిన్న ఎలక్ట్రానిక్ గుర్తింపు బిళ్ల ఉంది కాబట్టి, పట్టీ లేని పక్షిని కూడా విడివిడిగా పోల్చుకోగలిగారు. పదేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పట్టీ వేసిన పక్షుల మనుగడ 16 శాతం తక్కువ, అవి కన్న పిల్లలు 39 శాతం తక్కువ. సముద్రంలో ఈదేటప్పుడు పట్టీ నీటికి అడ్డుపడి శక్తిని హరించింది. మేతకు పోయి రావడానికి ఎక్కువ కాలం పట్టింది, గూటికి ఆలస్యంగా చేరాయి, ఆలస్యంగా జతకట్టాయి. పట్టీ వేసిన పక్షుల లెక్కలతోనే వాతావరణ మార్పు ప్రభావాన్ని అంచనా కట్టిన పూర్వ పరిశోధనలను తిరిగి చూసుకోవలసి వచ్చింది.

వ్యవసాయ విద్యార్థికి ఇందులోని కీలకం వెంటనే బోధపడుతుంది. ఎరువు వేసిన మడి దిగుబడిని వేయని మడితో పోల్చకుండా ఎరువు గుణం చెప్పలేము. పక్షుల విషయంలో చిక్కేమిటంటే, గుర్తు వేయని పక్షిని గుర్తుపట్టడమే కష్టం. అందువల్ల కంట్రోల్ మడి లేకుండానే ఏళ్ల తరబడి ప్రయోగాలు సాగాయి.

బరువు లేని గుర్తు కూడా నిరపాయమని చెప్పలేము. 1980లలో నాన్సీ బర్లీ పంజరపు జీబ్రా ఫించ్ పక్షులపై చేసిన ప్రయోగాలలో ఎర్ర కడియం ఉన్న మగ పక్షులను ఆడ పక్షులు మక్కువతో ఎంచుకున్నాయి, ఆకుపచ్చ కడియం ఉన్నవి అంతగా నచ్చలేదు. పరిశోధకుడు తన సౌలభ్యం కోసం వేసిన రంగు పక్షుల స్వయంవరంలో తీర్పు చెప్పిందన్నమాట. తరువాతి ప్రయోగాలు కొన్ని ఈ ఫలితాన్ని ధ్రువపరచలేదు కాబట్టి దీనిని సర్వసాధారణ సూత్రంగా తీసుకోరాదు. అయితే అమెరికా దేవదారు అడవుల్లో ఒక వడ్రంగి పిట్ట జాతిపై 1988లో వెలువడిన పరిశీలన కూడా ఇటువంటిదే. ఎర్ర కడియాలు వేసిన మగ పక్షుల గూళ్లలో ఎగరగలిగే దశకు చేరిన పిల్లలు తక్కువ. ఆ జాతి మగ పక్షి తలపై సహజంగానే చిన్న ఎర్ర ఈకలుంటాయి. ట్రాన్స్‌మీటర్ల విషయంలో 2010లో వెలువడిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. పరికరం మోసే పక్షుల శక్తి వ్యయం పెరగడం, అవి గూడు పెట్టడానికే వెనుకాడటం అందులో ప్రధానంగా తేలిన అంశాలు. గూడు పెట్టిన తరువాత గుడ్లు, పిల్లల లెక్కలు మాత్రమే చూసే పరిశోధకుడికి అసలు గూడే పెట్టని పక్షి లెక్కలోకి రాదు.

ఇక మన మెట్ట భూములకు వద్దాం. కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు పచ్చిక బయళ్లలో బట్టమేక పిట్టను 1980లలో బొంబాయి సొసైటీ శాస్త్రవేత్తలు అసద్ రహ్మానీ, రంజిత్ మనక్కడన్ తదితరులు దీర్ఘకాలం అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి సంతాన రీతిని చూస్తే గుర్తు వేయడంలోని ప్రమాదం అర్థమవుతుంది. ఆడ పక్షి సాధారణంగా ఒకే గుడ్డును, గూడన్నది లేకుండా, బయలు నేలపై పెడుతుంది. దాదాపు 27 రోజులు ఒంటరిగా పొదుగుతుంది. మగ పక్షి తోడు రాదు. పొదుగుతున్న తల్లిని అరగంట పాటు వల కింద ఉంచితే రాయలసీమ ఎండలో నేలపైనున్న గుడ్డు సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఆడ పక్షి గుడ్డును వెచ్చబెట్టడం ఎంత ముఖ్యమో, మధ్యాహ్నం నిలబడి నీడ పట్టడమూ అంతే ముఖ్యం. గూటి దగ్గర మనుషుల సంచారాన్ని కాకులు, ఊరకుక్కలు కనిపెట్టే అవకాశమూ ఉంది.

మగ పక్షి మాటేమిటి? జతకూడే కాలంలో అది మెడ కింది సంచిని గాలితో నింపి వేలాడదీసి, తోక ఎత్తి, గంభీరంగా మూలుగుతూ ఆడ పక్షులను ఆకర్షిస్తుంది. రొమ్ము మీదుగా బిగించే పట్టీ ఈ ప్రదర్శనకు ఎక్కడ అడ్డుపడుతుందో ముందుగా ఆలోచించని పరికరం ఈ జాతికి తగదు. పైగా బట్టమేక వంటి పొడవు కాళ్ల పక్షులు పట్టుబడినప్పుడు తీవ్రంగా పెనుగులాడి కండరాలు దెబ్బతినే అవస్థకు లోనవుతాయి. విడిచిన తరువాత సరిగా నడవలేవు, కొన్ని మరణిస్తాయి. స్పెయిన్‌లో చిన్న బట్టమేక జాతిపై 2008లో ప్రచురితమైన అధ్యయనం, వలలో ఉంచిన సమయం, చేతిలో పట్టుకున్న సమయం పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుందని చూపింది. అందువల్ల పరికరం బరువు ఎంత అని అడిగే ముందు పక్షిని చేతిలో ఎన్ని నిమిషాలు ఉంచారని అడగాలి.

అలాగని గుర్తు వేయనే రాదనడం న్యాయం కాదు. రోళ్లపాడు చుట్టూ అలగనూరు జలాశయం వంటి నీటి వసతులు వచ్చాయి, పంటల సరళి మారింది, కృష్ణజింకల సంఖ్య పెరిగింది. ఆ పచ్చికల నుంచి బట్టమేక క్రమంగా కనుమరుగైంది. అభయారణ్యం హద్దు దాటిన పక్షి ఏ చేలలో తిరిగేదో, ఏ దారిన పోయేదో రోజువారీగా వెంబడించే సాధనం ఆనాడు లేదు. 614 హెక్టార్లు దాని బతుకులో ఒక మూల మాత్రమే. నేడు రాజస్థాన్‌లో భారత వన్యప్రాణి సంస్థ ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లతో ఈ జాతి కదలికలను గమనిస్తున్నది. రక్షిత ప్రాంతాల వెలుపలి భూములు ఎంత అవసరమో, విద్యుత్ తీగలు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి అటువంటి సమాచారం కావాలి. విద్యుత్ తీగల సమస్య 2021లో సుప్రీం కోర్టు ఆదేశం దాకా వెళ్లింది. కొద్ది పక్షులకు కలిగే ఇబ్బందిని జాతి మొత్తానికి కలిగే మేలుతో తూచవలసిందే. కాని జాతి మొత్తం 200 లోపు ఉన్నప్పుడు ఆ కొద్ది పక్షులు కొద్దివి కావు.

కడప వైపు పరిశోధకులు మరో దారి పట్టారు. 2000 తరువాత పి. జగన్నాథన్, రిస్ గ్రీన్ తదితరులు లంకమల్లేశ్వర అభయారణ్యంలో కలివి కోడిని పట్టకుండానే వెదికారు. పొదల నడుమ సన్నని మట్టిని పట్టీలుగా పరచి, సాయంత్రం చదును చేసి, తెల్లవారి దానిపై పడిన అడుగుజాడలను కొలిచారు. తీతువు వంటి ఇతర పక్షుల జాడల నుంచి కలివి కోడి జాడను వేరు చేసే కొలతలు తయారయ్యాయి. పక్కన స్వయంచాలక కెమెరాలు పెట్టి ఆ గుర్తింపు సరైనదేనని నిర్ధారించుకున్నారు. తరువాత మునిమాపు వేళ దాని అరుపులను రికార్డు చేశారు. దున్నిన చేనులో అడుగుజాడ చూసి ఏ జంతువు పంటలో పడిందో చెప్పగల రైతుకు ఈ పద్ధతిలో వింత ఏమీ కనబడదు. శాస్త్రం దానికి కొలబద్దను చేర్చిందంతే.

ఈ మట్టి పట్టీలు చెప్పిన సంగతులు తక్కువేమీ కావు. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్న చోట కలివి కోడి ఎక్కువగా తిరుగుతుందని తేలింది. అంటే మరీ దట్టమైన అడవీ పనికిరాదు, కట్టెలు కొట్టి బోడి చేసిన నేలా పనికిరాదు. పశువుల మేతను, వంటచెరకు సేకరణను పూర్తిగా నిషేధించాలా, మితం చేయాలా అన్న చర్చకు ఈ లెక్క ఆధారమైంది. ఉపగ్రహ చిత్రాలతో కలిపి ఆవాస పటాలూ తయారయ్యాయి. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి నివాసంలోకి చొచ్చుకు వచ్చినప్పుడు, కాలువ మార్గాన్ని మార్చాలన్న వాదనకు బలమిచ్చినది ఈ సమాచారమే. ఒక్క పక్షి కాలికీ కడియం వేయకుండా కాలువ దారి మళ్లించగల సాక్ష్యం సమకూడింది.

అయితే అరుపును యంత్రంతో తిరిగి వినిపించి పక్షిని పలికించడం కూడా జోక్యమేనని మరువరాదు. గూటి కాలంలో తన హద్దులోకి మరొకటి వచ్చిందనుకుని పక్షి పొదుగుడు వదిలి రావచ్చు. ఎంతసేపు, ఎన్ని రోజులకొకసారి వినిపించాలన్నది ముందే నిర్ణయించుకోవలసిన విషయం.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇందులో ఆచరణకు సంబంధించిన మాటలు కొన్ని ఉన్నాయి. కలివి కోడి, బట్టమేక రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనివి. వాటిని పట్టడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పంట నష్టం అధ్యయనంలో చిలుకలకో, గిజిగాళ్లకో రంగు పూసే విద్యార్థి ప్రణాళిక కూడా అటవీ శాఖ అనుమతి లేకుండా మొదలుకారాదు. గిజిగాడు సగం అల్లిన గూటి దగ్గర ఆడ పక్షి చూపును కోరే కాలంలో ఆ రంగు ఏమి చేస్తుందో విద్యార్థి తన ప్రణాళికలోనే రాయాలి, గుర్తు వేయని గూళ్లను సరిసమాన సంఖ్యలో లెక్కించాలి. రైతు చేలో కడియమున్న పక్షి దొరికితే అది బతికి ఉంటే కడియం తీయకుండా సంఖ్య రాసుకుని వదలాలి. చనిపోయి ఉంటే సంఖ్య, తేదీ, గ్రామం పేరును కడియంపై ఉన్న చిరునామాకు పంపాలి. దుక్కిలో పెద్ద పక్షి గుడ్డు కనబడితే చుట్టూ కొంత నేల దున్నకుండా వదిలి అటవీ సిబ్బందికి తెలపడం మంచిది, గుడ్డును ఇంటికి తెచ్చి కోడి కింద పెట్టడం కాదు.

కలివి కోడికి కడియం వేస్తే దాని సంతానం తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే, పోల్చి చూడటానికి ఒక్క గూడైనా శాస్త్ర పరిశీలనకు అందలేదు. స్కాట్లండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన ఆ గుడ్డు కలివి కోడిదేనని డీఎన్ఏ పరీక్షతో 2013లో తేల్చారు. దానిని ఎన్ని రోజులు పొదుగుతారో, తండ్రి తోడుంటాడో లేదో ఆ పెంకు చెప్పదు.