కీళ్ళనొప్పులకు కాళ్ళ మీద మచ్చలు తోడైతే...

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి మన మీదే తిరగబడితే వచ్చేవి ఆటోఇమ్యూన్ జబ్బులు. 2022 అక్టోబర్‌లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని చెప్పాక ఈ మాట మన వంటింటి దాకా వచ్చింది. ఆమెది కండరాలకు వచ్చే జబ్బు. లూపస్, రుమటాయిడ్ కీళ్ళవాతం కూడా ఈ కుటుంబంవే. లూపస్ వచ్చేవారిలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే! ఒక్కోసారి ఇవి రెండూ ఒకే మనిషిలో కలిసి, రక్తనాళాలు కూడా వాస్తాయి. ఆ వాపు పేరు వాస్కులైటిస్.

మా కళ్యాణదుర్గంలో మా వీధిలోనే ఒకామెకు ఇలా అయింది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, సంగటి కెలకడానికి చెయ్యి తిరగదు. శెనక్కాయ చేలో కలుపు తీసి వస్తే మొహం ఎర్రగా కందేది. వేడి చేసిందని మజ్జిగ తాగేది. నోటిపూతకు ఒక డాక్టరు, జుట్టు రాలితే ఏదో నూనె, కీళ్ళకు మందులషాపు మాత్రలు. దేనికదే వేరు జబ్బనుకున్నారు. తర్వాత పిక్కల మీద కందిగింజలంత మచ్చలు లేచాయి, నొక్కినా ఎరుపు పోదు. ఒకరోజు పాదం పైకి లేవక చెప్పు జారిపోయింది. బెంగుళూరు తీసుకెళితే, రెండు జబ్బులూ ఉన్నాయని, నాళాలు వాచి నరానికి రక్తం అందలేదని తేల్చారు.

వీటిని చూసే డాక్టరును రుమటాలజిస్టు అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. మూత్రం నురగగా పోతున్నా, కాళ్ళు వాచినా కిడ్నీలకు తగిలిందేమో చూడాలి. మూత్రపరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు, అడిగి చేయించుకోండి. దగ్గితే రక్తం పడినా, చూపు తగ్గినా, పాదం వాలినా తెల్లారేదాకా ఆగకండి.

స్టెరాయిడ్ అంటే మనవాళ్ళకు హడల్. మొహం ఉబ్బిందని ఆమె అత్తగారు మాత్రలు మాన్పించబోయింది. ఇన్నాళ్ళు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మందు ఎముకలను గుల్లచేస్తుంది గనక రాగి సంగటి, పాలు మంచివే. ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి, షుగరు చూపించుకుంటుండాలి. లూపస్ ఎండకు ముదురుతుంది, అందుకే ఆమె ఇప్పుడు గొడుగు లేకుండా గడప దాటదు. ఈ జబ్బుకు వాడే మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు చెరుపు, కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందే చెప్పాలి. ఇది అంటుకునే జబ్బు కాదు, ఆమె కంచం వేరు పెట్టక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నోటిపూత, జుట్టు రాలడం, మచ్చలు, తిమ్మిర్లు ఏది ఎప్పుడు మొదలైందో ఒకే కాగితం మీద రాసుకోండి. పాత చీటీలన్నీ ఒకే సంచిలో వేసుకుని వెళ్ళండి.