యేల్ విశ్వవిద్యాలయమునందలి మంచు క్రీడాశాల

చెన్నపట్టణపు సెంటు జార్జి కోటకు 1687 మొదలు 1692 వరకు గవర్నరుగా నుండిన ఎలిహు యేల్ దొర పేరు మన విద్యార్థులలో కొందరు వినియుందురు. ఆయన స్వదేశమునకు మరలిన పిమ్మట, 1718లో, అమెరికాయందలి యొక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరకును, 417 పుస్తకములను కానుకగా నిచ్చెను. సరకు అమ్మగా 562 పౌనులు వచ్చెను. కళాశాల ఆయన పేరు దాల్చెను. ఆయన యేలుబడిలో చెన్నపట్టణమున బానిసల వర్తకమును సాగెనని చెప్పక దాటుట న్యాయము గాదు. న్యూహేవెన్ నగరమునందలి యేల్ విశ్వవిద్యాలయము ఆ కళాశాలయే. అచ్చటి మంచు హాకీ శాలను గూర్చి కొంత వ్రాయదలచితిమి.

ఈ హాకీ మన మైదానముల హాకీ వంటిది కాదు. పక్షమునకు ఆరుగురు చొప్పున, పాదములకు ఉక్కు అంచుగల స్కేటులు తొడిగి, మంచుమీద జారుచు ఆడుదురు. బంతికి మారుగా మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము గల రబ్బరు బిళ్ల యుండును. ఇట్టి శాలలలో నేల క్రింది గొట్టములగుండ మిక్కిలి చల్లనైన ఉప్పునీటివంటి ద్రవమును పారించి, పైన పోసిన నీటిని గడ్డకట్టింతురు. మంచినీరు గడ్డకట్టు చల్లదనమునకు ఉప్పునీరు గడ్డకట్టదు గదా!

అంత చిన్న బిళ్ల అంత వేగముగా పోవుచుండగా నడుమ నొక్క స్తంభమున్నను వెనుకవారికి ఆట కానరాదు. ఫిన్లండులో జన్మించి, యేల్‌లోనే చదివిన ఈరో సారినెన్ అను శిల్పి ఈ చిక్కును చక్కగా విడదీసెను. మన పెంకుటిండ్లలో వాసములు కొప్పునుండి చూరువరకు ఏటవాలుగా నిలిచి భారమును మోయును. ఇచ్చట కొప్పునకు బదులు 300 అడుగుల కాంక్రీటు కమాను శాల పొడవునను వెన్నెముకవలె సాగియున్నది. వాసములకు బదులు దానినుండి ఇరుప్రక్కల వంపుగోడలకు ఉక్కుత్రాళ్లు వ్రేలాడును. వానిపై కొయ్యపలకలు పరచిరి. ఇద్దరు బాలురు త్రాటి కొనలను పట్టుకొని, నడుమ నీటిచెంబు వ్రేలాడదీసినచో, చేతులు లోపలికి లాగబడుట తెలియును. ఆ లాగుడును ఇచ్చట కమానును గోడలును ఓర్చుకొనుచున్నవి. అనుకొన్నదానికి రెట్టింపు వ్యయమైనను 1958లో శాల తెరువబడెను. 3,500 మంది కూర్చుండవచ్చును. యేల్ హాకీ జట్టునకు నాయకులుగా నుండిన ఇంగల్స్ తండ్రికొడుకుల పేరు దానికి పెట్టిరి గాని, దాని మూపు జూచి జనులు తిమింగిల మనియే పిలుతురు.

పురుషుల జట్టునకు, స్త్రీల జట్టునకు ఇదియే పుట్టిల్లు. 2013లో పురుషులు, ఆ యేడే తమ్ము ముమ్మారు ఓడించిన పొరుగు క్విన్నిపియాక్ జట్టును కడపటి పందెమున 4-0గా గెలిచి జాతీయ విజేతలైరి. ఆ పందెము పిట్స్‌బర్గున జరిగెను.

స్త్రీల జట్టులో మాండీ ష్వార్జ్ అను కెనడా బాలిక యుండెను. 2008 డిసెంబరులో ఆమెకు రక్తపు క్యాన్సరు కనబడెను. ఇట్టి రోగికి సరిపడు ఎముకమూలుగను ఇయ్యగలవాడు లక్షలమందిలో నొకడుండవచ్చును, లేకపోవచ్చును. 2010లో బొడ్డుత్రాటి రక్తకణములు ఎక్కించిరి గాని, వ్యాధి తిరుగబెట్టి, 2011 ఏప్రిల్ 3వ తేదీన ఆమె మరణించెను. వయస్సు 23.

ఆమె బ్రతికియుండగనే తోడి విద్యార్థులు దాతల పేళ్లు చేర్చుకొన నారంభించిరి. ఆమె పోయిన పిమ్మటను మానలేదు. ఈ శాలలో ఆమె పేరిట ఆటలాడిరి. పేరు నమోదగుటకు చెంప లోపల దూదిపుల్లతో నొకమారు తుడిచి యిచ్చిన చాలును. అట్లిచ్చినవారిలో కొందరి మూలుగ ముక్కుమొగము తెలియని రోగులకు సరిపడినది.