బోసినవ్వు ఊరికి చేరాలంటే...

'మనవడి ఫొటో పంపావు సరే, మొహమేదిరా? అంతా నల్లగా ఉంది!' ఊళ్లోంచి అమ్మ అడిగే మాట ఇది. మలేసియాలో బిడ్డను పెంచుకుంటున్న తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మా ఇంట్లోనూ ఇదే తంతు. మొదటి నెలలో మేం తీసినవాటిలో సగం ఫొటోలు కిటికీకి ఎదురుగా నిలబడి తీసినవే. వెనక వెలుగు, ముందు చీకటి. తప్పు ఫోనుది కాదు, మాదే.

వెలుగు చూసి తీయండి

ఇక్కడి గడియారం మనదేశం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. కౌలాలంపూర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట ప్రాంతంలో. అందుకే ఉదయం 8 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రం 5 తర్వాత వెలుగు మెత్తగా ఉంటుంది. మబ్బు పట్టినా మంచిదే. బిడ్డను కిటికీ పక్కన పడుకోబెట్టండి. వెలుగు ఒక పక్క నుంచి పడాలి. ఫ్లాటు కిటికీలకు ఇనుప గ్రిల్లు ఉంటే ఆ గీతలు మొహం మీద పడతాయి. పల్చటి నూలు చీర అడ్డం కట్టండి, చాలు. ట్యూబులైటు, ఫ్లాష్ ఆపేయండి.

ఏసీ గదిలోంచి బాల్కనీలోకి వస్తే ఉక్కకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కాసేపాగి, మెత్తని గుడ్డతో తుడిచి తీయండి.

మీరు కిందకు దిగండి

నిలబడి తీస్తే తల పెద్దగా, కాళ్లు చిన్నగా వస్తాయి. చాప మీద పడుకుని, బిడ్డ కళ్లకు సమానంగా ఫోను పెట్టండి. పాలు తాగి, నిద్ర లేచి హుషారుగా ఉన్నప్పుడు వరసగా పది తీస్తే ఒకటైనా కుదురుతుంది. నాన్న వేలు పట్టుకున్న పిడికిలి తీయండి. ఎంత చిన్నవాడో అమ్మమ్మకు అప్పుడు తెలుస్తుంది. నెలకోసారి అదే దిండు పక్కన తీస్తే ఎదుగుదలా కనిపిస్తుంది. ఫొటో మోజులో బిడ్డను మంచం అంచున మాత్రం వదలొద్దు.

పాస్‌పోర్టు ఫొటోకు చుక్క వద్దు

బారసాల దాకా ఫొటోలు వద్దంటారు కొందరు పెద్దలు. వాళ్ల మాట కాదనక్కర్లేదు, బుగ్గన దిష్టి చుక్కా పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు ఫొటోకు మాత్రం అది తుడిచేయాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరికీ మలేసియా పౌరసత్వం గానీ శాశ్వత నివాసం గానీ లేకపోతే, ఇక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డకు ఈ దేశ పౌరసత్వం రాదు. ఏడాదిలోగా భారత హైకమిషన్‌లో జననం నమోదు చేయించాలి. ఆలస్యమైతే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఫొటోకు తెల్లదుప్పటి మీద పడుకోబెట్టి నేరుగా పైనుంచి తీయండి. కళ్లు తెరిచుండాలి, నీడ పడకూడదు, పట్టుకున్నవాళ్ల చేతులు కనిపించకూడదు. కొలతలు మారుతుంటాయి కాబట్టి హైకమిషన్ తాజా నిబంధన చూశాకే ప్రింటు తీయించండి.

బిడ్డ ఊళ్లో, నాన్న ఇక్కడ

తోటల్లో, కట్టడాల్లో, ఫ్యాక్టరీల్లో పనికి తాత్కాలిక పాస్ మీద వచ్చినవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీల్లేదు. బిడ్డ పుట్టిన సంగతి ఫోనులోనే విని, ఫోనులోనే పెంచుకుంటున్న నాన్నలు మనలో ఎందరో. ఇంటావిడకు పైవన్నీ చెప్పనక్కర్లేదు. 'పొద్దున్నే అరుగు మీద, నీడపట్టున, రోజుకొకటి' అంటే చాలు. కొత్త గౌనే వేయాలని లేదు. ఉయ్యాల, ఉగ్గుగిన్నె, తాత భుజం... మనం చూడలేకపోతున్నది వాటినే కదా! వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, నాణ్యత తగ్గదు. బట్టల్లేని ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దనీ చెప్పండి. ఫోను పోతే ఫొటోలూ పోతాయి కాబట్టి, ఫోనులో కాకుండా విడిగా దాచిన మెమరీ కార్డులో ఇంకో కాపీ ఉంచుకోండి.

ఇంకో పని కూడా ఉంది. మీ ఫొటో మీరూ పంపండి. హెల్మెట్ తీసి, నవ్వుతూ, మొహం మీద వెలుగు పడేలా. దాన్ని ప్రింటు తీయించి, బిడ్డకు అందేంత ఎత్తులో గోడకు అంటించమనండి. రోజూ 'నాన్న ఏడీ?' అని చూపిస్తుంటే, లీవు మీద మీరు గుమ్మంలో అడుగుపెట్టిన రోజు కొత్తవాణ్ని చూసినట్టు కాకుండా, చూసిన మొహమే అని మీ వైపు రావచ్చు.