మీకు తెలుసా? 250 లెన్సుతో 400 చూపు

కానన్ ఏపీఎస్-సీ కెమెరాకు 250 ఎంఎం లెన్సు బిగిస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 400 ఎంఎం లెన్సుతో కనిపించేంత దగ్గరగా జింక కనిపిస్తుంది!

• ఏపీఎస్-సీ కెమెరాలోని చిన్న సెన్సారు దృశ్యంలోని మధ్యభాగాన్నే పట్టుకుంటుంది. అందుకే 250కి 1.6 రెట్లు, అంటే 400 లెక్క. నికాన్, సోనీ ఏపీఎస్-సీ కెమెరాల్లో ఇది దాదాపు 1.5 రెట్లు.

• నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానంలో వెలుతురుకు కొదవ లేదు. అక్కడి కృష్ణజింకలకు 55-250 ఎంఎం లాంటి చవక జూమ్‌ లెన్సుతోనే మొదలుపెట్టవచ్చు.

• ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు నల్లమల నీడలోకి వెళితే వెలుతురు తగ్గుతుంది. ఎఫ్/2.8 అపర్చర్‌తో పోలిస్తే, ఇలాంటి చవక జూమ్‌ల ఎఫ్/5.6 వద్ద సెన్సారుకు అందేది నాలుగో వంతు వెలుతురే. అందుకే కెమెరాలో ఐఎస్‌ఓ పెంచండి.

• నల్లమలలోని బైర్లూటి, పచ్చర్ల జీపు సఫారీల్లో ఖరీదైన కెమెరా స్టాండు అక్కర్లేదు. జీపు ఇంజన్ ఆపించి, బియ్యం నింపిన గుడ్డసంచి మీద లెన్సు ఆనించండి.