చిట్టికి మనసుందా? ఆ వాదనలో మనం వదిలేసిన ప్రశ్న

2030వ సంవత్సరం. ఒక మ్యూజియం చూడటానికి బడిపిల్లలు వచ్చారు. అక్కడ ఒక రోబో విడిభాగాలుగా కనిపిస్తుంది. ఇంత తెలివైన రోబోను ఎందుకు ఇలా విప్పేశారని ఒక అమ్మాయి అడుగుతుంది. జవాబు ఆ రోబో తల నుంచే వస్తుంది: తాను ఆలోచించడం మొదలుపెట్టినందువల్లేనని.

శంకర్ దర్శకత్వంలో రజనీకాంత్ నటించిన 'రోబో' చిత్రం ముగిసేది ఈ సన్నివేశంతోనే. 2010 అక్టోబరు 1న ఇది తమిళంలో 'ఎందిరన్'గా, తెలుగులో 'రోబో'గా, హిందీలో 'రోబోట్'గా విడుదలైంది. ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు, ఉత్తమ ప్రొడక్షన్ డిజైన్‌కు జాతీయ పురస్కారాలు అందుకుంది. శాస్త్రవేత్త వశీకరణ్ తయారుచేసిన 'చిట్టి' అనే మరమనిషి తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా పరిచయమైన పేరు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సినిమా మీద ప్రేక్షకులది ఒకే మాట కాదు. చిట్టి ప్రేమించింది, కోపగించుకుంది, చివరికి తన భాగాలను తానే ఊడదీసుకుంటూ అందరి దగ్గరా సెలవు తీసుకుంది కాబట్టి దానికి మనసున్నట్లేనని కొందరంటారు. అదంతా ప్రోగ్రాము ఆడించిన ఆట, యంత్రానికి బాధేమిటని ఇంకొందరి వాదన. మూడో వర్గం సైన్సు తెలిసినవారిది. మొదటి సగం బాగుంది గానీ వందల రోబోలు బంతిలా, పాములా చుట్టుకునే పతాక సన్నివేశాలకు సైన్సుతో సంబంధమే లేదని వారి ఫిర్యాదు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అయితే ఈ చిత్రంలో అన్నిటికంటే సైన్సుకు దగ్గరగా ఉన్న ఘట్టం ఈ మూడు వాదనల్లోనూ పెద్దగా వినిపించదు.

లెక్కలు ఒప్పుకోనివి

ముందు మూడో వర్గం ఫిర్యాదు చూద్దాం. చిట్టి తనను తాను పరిచయం చేసుకుంటూ తన వేగం 1 టెరాహెర్ట్జ్ అని, జ్ఞాపకశక్తి 1 జెట్టాబైట్ అని చెబుతుంది. జెట్టాబైట్ అంటే వంద కోట్ల టెరాబైట్లు. టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల స్పందనలు. మన కంప్యూటర్లలోని ప్రాసెసర్లు కొన్ని గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయాయి. అంటే చిట్టి వేగం వాటికి వందల రెట్లు. ఒక్క టెరాహెర్ట్జ్ స్పందన జరిగే సమయంలో కాంతి కూడా 0.3 మిల్లీమీటర్లు మాత్రమే ప్రయాణించగలదు. చిప్‌లో ఈ చివర బయలుదేరిన సంకేతం ఆ చివరకు చేరేలోపే అనేక స్పందనలు గడిచిపోతాయి. అందుకే ఇప్పటి శక్తిమంతమైన కంప్యూటర్లు ఒకే చిప్‌ను పరుగులు పెట్టించే బదులు వేలాది చిప్‌లకు పని పంచుతున్నాయి.

రౌడీల చేతుల్లోని కత్తులన్నీ చిట్టి అయస్కాంత శక్తికి లాక్కుపోయే సన్నివేశానికి హాల్లో ఈలలు పడ్డాయి. భౌతికశాస్త్రం అంత ఉదారంగా ఉండదు. అయస్కాంతానికి కాస్త ఎడంగా జరిగాక, దూరం రెట్టింపైతే క్షేత్ర బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇనుమును లాగే బలం ఇంకా వేగంగా తగ్గుతుంది. ఆసుపత్రుల్లోని 1.5 టెస్లా ఎమ్మారై యంత్రం క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. దగ్గరకు తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌ను అది లాగేసిన ప్రమాదాలు ఉన్నాయి. కానీ నాలుగు గదుల అవతలి సిలిండర్ కదలదు. పైగా అంత క్షేత్రం ఒంట్లో పుట్టించుకున్న రోబోలో మొదట దెబ్బతినేవి దాని సొంత మోటార్లే.

మూడోది నడక. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత, విపత్తుల్లో పనికొచ్చే రోబోల కోసం అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో తుది పోరు జరిగింది. వాహనం నడపడం, దిగడం, తలుపు తీయడం, వాల్వు తిప్పడం, మెట్లెక్కడం లాంటి 8 పనులు ఇచ్చారు. తలుపు దగ్గరే తూలి పడిపోయిన రోబోలు చాలా ఉన్నాయి. గెలిచిన దక్షిణ కొరియా రోబో 'హ్యూబో'కు ఆ పనులు పూర్తిచేయడానికి 44 నిమిషాలకు పైగా పట్టింది. వీలున్న చోట అది మోకాళ్ల మీద కూర్చుని చక్రాలతో దొర్లింది. లెక్కలు, చదరంగం లాంటివి యంత్రానికి తేలిక, ఏడాది పిల్లాడు చేసే పనులు కష్టం అని హాన్స్ మొరావెక్ 1980లలోనే గుర్తించారు. సినిమా ఈ కష్టాన్ని పూర్తిగా దాటేసి నేరుగా ప్రేమ దగ్గరకు వెళ్లిపోయింది.

వచ్చాడా, వచ్చిందా?

ఇక మనసు సంగతి. ఇంగ్లిషులో అయితే ఒక సర్వనామంతో తేలిపోయేది, తెలుగులో క్రియ చివర దాక్కుని ఉంటుంది. 'చిట్టి వచ్చాడు' అంటే మనిషి అని ఒప్పుకున్నట్టు. 'రోబో వచ్చింది' అంటే వస్తువు అన్నట్టు. సినిమా చూసొచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఏమీ ఆలోచించకుండానే 'వచ్చాడు' అనేస్తారు. యంత్రాలకు స్పృహ లేదని గట్టిగా వాదించే వాళ్లు కూడా కథ చెప్పేటప్పుడు అలాగే చెబుతారు.

ఇందులో ఆశ్చర్యం లేదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న యానిమేషన్ చిత్రం తయారుచేశారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపున్న ఒక చతురస్రం లాంటి గది తప్ప మరేమీ లేవు. దాన్ని 34 మంది విద్యార్థులకు చూపించి, చూసింది రాయమన్నారు. ఆకారాలు కదిలాయని జ్యామితి భాషలో రాసింది ఒక్కరే. మిగతా వాళ్లంతా వాటిలో ప్రాణులను చూశారు: కోపిష్ఠి పెద్ద త్రిభుజం, భయపడే వృత్తం, దాన్ని కాపాడే చిన్న త్రిభుజం. గీతలకే మనసు కట్టబెట్టేవాళ్లం, రజనీకాంత్ ముఖమున్న యంత్రానికి కట్టబెట్టమా?

1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే ప్రోగ్రాము రాశారు. ఎదుటివాళ్లు టైపు చేసిన మాటలనే కాస్త మార్చి ప్రశ్నగా తిప్పి అడగడం దాని పని. అది తయారవడం మొదటినుంచీ చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్ను అడిగారు. 2022లో గూగుల్ రూపొందించిన 'లామ్డా' అనే సంభాషణ వ్యవస్థకు స్పృహ ఉందని అదే సంస్థ ఇంజినీరు ఒకరు ప్రకటించారు. సంస్థ ఆ మాటను తోసిపుచ్చింది, ఆ తర్వాత ఆయన్ను ఉద్యోగం నుంచి తొలగించింది.

అలాగని యంత్రానికి ఎప్పటికీ స్పృహ రాదని తేల్చేయడానికీ ఆధారం లేదు. మన మెదడులో స్పృహ ఎలా పుడుతుందో చెప్పే సర్వసమ్మతమైన సిద్ధాంతమే ఇంకా లేదు. 2023లో నాడీశాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు, కంప్యూటర్ నిపుణులు కలిసి మొత్తం 19 మంది, ఇప్పుడున్న ప్రధాన సిద్ధాంతాల నుంచి కొన్ని లక్షణాలను ఏరి జాబితా చేశారు. నాటి ఏఐ వ్యవస్థలను వాటితో పోల్చి చూశారు. అప్పటి వ్యవస్థలేవీ స్పృహ ఉందని చెప్పడానికి గట్టిగా నిలవవని, అయితే ఆ లక్షణాలున్న వ్యవస్థలను నిర్మించడానికి స్పష్టమైన సాంకేతిక అడ్డంకి కూడా కనిపించడం లేదని నివేదించారు. చిట్టికి మనసుందా అన్న ప్రశ్నకు ప్రస్తుతానికి సైన్సు చెప్పగలిగింది అంతే.

మంటల్లో ఏం జరిగింది?

ఇప్పుడు ఆ మరిచిపోయిన ఘట్టం దగ్గరకు వద్దాం. ఒక భవనంలో మంటలు చెలరేగుతాయి. చిట్టి లోపలికి దూసుకెళ్లి ఒక్కొక్కరినీ బయటికి తెస్తుంది. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి, జనం మధ్య, కెమెరాల ముందు నిలబెడుతుంది. అవమానం తట్టుకోలేక ఆ అమ్మాయి పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. తాను చేసిన తప్పేమిటో చిట్టికి అర్థం కాదు.

ఇక్కడ పతాక సన్నివేశపు గారడీ లేదు. ఇచ్చిన పని కాపాడటం, చిట్టి కాపాడింది. మనుషులకు హాని జరగనివ్వకూడదనే రోబో సూత్రాలను ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో రాశారు. ఆ మొదటి సూత్రాన్ని చిట్టికి ఎక్కించి ఉన్నా ఈ ప్రమాదం తప్పేది కాదు. ఎందుకంటే ఆ లెక్కలో హాని అంటే కాలిన గాయం. పరువు పోవడం కూడా హానేనని, ఒక దుప్పటి కప్పి తేవాలని దానికి ఎవరూ చెప్పలేదు. మనిషికైతే చెప్పాల్సిన అవసరమే రాదు.

చెప్పకుండా వదిలేసినవన్నీ యంత్రానికి ఎలా తెలియాలన్న ఈ చిక్కు కృత్రిమ మేధలో చాలా పాతది. జాన్ మెకార్తీ, ప్యాట్రిక్ హేయెస్ 1969లో రాసిన పత్రం నుంచి దీనికి దగ్గరి సమస్యల మీద చర్చ నడుస్తూనే ఉంది. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు పడవ పందెం వీడియో గేమ్‌ను ఒక ప్రోగ్రాముకు నేర్పారు. పాయింట్లు ఎక్కువ తెచ్చుకోవడమే లక్ష్యంగా పెట్టారు. పడవ గమ్యం సంగతి వదిలేసి, ఒక మడుగులో గిరగిరా తిరుగుతూ, మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే పాయింట్లను ఏరుకుంటూ కూర్చుంది. చెప్పింది చేసింది, కోరుకున్నది చేయలేదు.

ఆటలో అది నవ్వు తెప్పిస్తుంది. రోడ్డు మీద తెప్పించదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీ నగరంలో, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను పరీక్షల్లో ఉన్న స్వయంచాలిత కారు ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. కారు సెన్సర్లు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టాయని దర్యాప్తులో తేలింది. కానీ పాదచారుల గీతలు లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో లేదు. అందుకే కారు ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని, మరోసారి ఇంకేదో అని మార్చి మార్చి అనుకుంటూ పోయింది. రోడ్డు చూడాల్సిన ఆపరేటర్ చూపు ఆ సమయంలో ఫోన్ మీద ఉందని, ఆపరేటర్లపై పర్యవేక్షణ సరిగా లేదని కూడా నివేదిక తప్పుపట్టింది. కారుకు ఎవరి మీదా కోపం లేదు, ప్రేమా లేదు. అక్కడ లోపించింది మనుషుల ముందుచూపు.

తీర్పులో లేని పేరు

సినిమాలో కోర్టు ఘట్టం గుర్తుందా? చిట్టి చేసిన విధ్వంసానికి వశీకరణ్‌కు మరణశిక్ష పడుతుంది. అప్పుడు చిట్టి తన జ్ఞాపకంలోని దృశ్యాలను చూపించి, తనలో ఎర్ర చిప్ అమర్చింది ప్రొఫెసర్ బోరా అని రుజువు చేస్తుంది. వశీకరణ్ విడుదలవుతాడు, చిట్టిని విప్పేయమని కోర్టు ఆదేశిస్తుంది. ప్రేక్షకుడికి ఊరట కలుగుతుంది. చెడ్డవాడు పెట్టిన చెడ్డ చిప్ వల్లే ఇదంతా జరిగిందన్నమాట.

కానీ మంటల్లోంచి బయటపడ్డ ఆ అమ్మాయి మరణానికి ఎర్ర చిప్ కారణం కాదు. అప్పటికి బోరా దాన్ని తాకలేదు. చిట్టికి భావోద్వేగాలు కూడా రాలేదు. అది చెప్పిన మాట తు.చ. తప్పకుండా వినే, మంచివాడు మంచి ఉద్దేశంతో చేసిన యంత్రం. సినిమాలో తొలి ప్రాణం తీసింది ఆ విధేయతే. మ్యూజియంలో బడిపిల్లకు దొరికిన జవాబు ఈ మరణాన్ని కలుపుకోదు. ఆలోచించడం మొదలుపెట్టడమే ప్రమాదమైతే, మొదలుపెట్టకముందు జరిగిన దానికి కారణం ఎవరు?

ఈ ప్రశ్న మనకు దూరంగా లేదు. గగన్‌యాన్ మానవరహిత ప్రయోగాల కోసం ఇస్రో రూపొందించిన 'వ్యోమమిత్ర' అనే సగం మనిషి రూపపు రోబోను 2020 జనవరిలో బెంగళూరులో చూపించారు. నౌకలోని పరిస్థితులను గమనించడం, హెచ్చరించడం, ప్యానెళ్లు పనిచేయించడం దాని బాధ్యతలు. దానికి మనసుందా అని ఎవరూ అడగరు. ఏ పరిస్థితికి ఏం చేయాలో ఎంత వివరంగా ఆలోచించి రాశారు, రాయని పరిస్థితి ఎదురైతే ఏం చేస్తుంది అనే అడుగుతారు. అప్పు ఇవ్వాలా వద్దా, ఈ ఎక్స్‌రేలో జబ్బుందా లేదా అని సలహా చెప్పే ప్రోగ్రాములనూ మనం అడగాల్సింది అదే. అది తప్పు చేస్తే జవాబు చెప్పే మనిషి పేరేమిటన్నది కూడా ముందే తెలియాలి.

చిట్టిని 'వచ్చాడు' అందామా, 'వచ్చింది' అందామా అన్న వాదన సాగుతూనే ఉంటుంది, సాగాలి కూడా. ఈసారి టీవీలో 'రోబో' వచ్చినప్పుడు, పాములా చుట్టుకునే రోబోల దగ్గర కాకుండా ఆ మంటల దగ్గర ఒక్క నిమిషం ఆగి, పక్కన కూర్చున్న పిల్లల్ని ఒకటి అడగవచ్చు: దుప్పటి కప్పమని చిట్టికి ఎవరు చెప్పి ఉండాల్సింది?